డీజిల్ బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టాలా? రాయపూర్ మోవా నుంచి ఒక లెక్క

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో, బలౌదాబజార్ వెళ్లే రోడ్డు మీద ఉన్న శివారు ప్రాంతం మోవా. విజయనగరం నుంచి రాయపూర్ వరకు రైలుమార్గం 1931లో పూర్తయిన నాటి నుంచి ఈ నగరానికి తెలుగువారి రాకపోకలు కొనసాగుతున్నాయి. రైల్వే ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. చదువులకు, వైద్యానికి, వ్యాపారానికి వచ్చిపోయేవారు ఉన్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 13 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది. కోస్తా వాతావరణానికి అలవాటుపడినవారికి ఆ చలిలో వేన్నీళ్లు లేకుండా స్నానం కష్టమే.

ఐరోపా, అమెరికా దేశాలలో ఇంటి గదులను వెచ్చబెట్టడానికి చమురు కాలుస్తారు. రాయపూర్‌లో ఆ అవసరం లేదు. ఇక్కడ చమురు కాలేది నీళ్ల కోసమే. ఆసుపత్రి, లాడ్జి, విద్యార్థుల వసతిగృహం వంటి చోట్ల డీజిల్‌తో నడిచే బాయిలర్ ఉంటే, అది రోజూ కొన్ని లీటర్లు తాగుతుంది. దాన్ని తీసివేసి విద్యుత్తుతో నడిచే హీట్ పంపు పెట్టడం లాభమా అన్న ప్రశ్న అలాంటి సంస్థల యాజమాన్యాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఎదుర్కొంటున్నదే. దీనికి అందరికీ వర్తించే ఒకే సమాధానం లేదు. యంత్రం ఎంత గొప్పదన్నదానికంటే, సంవత్సరంలో ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని లీటర్ల వేన్నీళ్లు కావాలన్నదే ఇక్కడ తీర్పు చెబుతుంది.

యంత్రం చేసే పని

ఫ్రిజ్ వెనుక భాగం చేత్తో తాకితే వెచ్చగా తగులుతుంది. లోపలి పదార్థాల నుంచి తీసిన వేడిని ఫ్రిజ్ అటువైపు విడిచిపెడుతుంది. హీట్ పంపు అదే సూత్రాన్ని ఉపయోగిస్తుంది. కాకపోతే ఇక్కడ మనకు కావలసింది చల్లదనం కాదు, వెనుకవైపు వచ్చే వేడి. బయటి గాలిలోని వేడిని ఒక శీతలకారక ద్రవం గ్రహించి ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమినప్పుడు దాని ఉష్ణోగ్రత బాగా పెరుగుతుంది. ఆ వేడి నీళ్లకు చేరగానే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. చుట్టూ ఉన్న గాలి 15 డిగ్రీలే ఉన్నా, అందులో గ్రహించడానికి వేడి ఉంటుంది.

ఈ యంత్రం విద్యుత్తును వేడిగా మార్చదు, వేడిని ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకొస్తుంది. అందువల్లనే ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చు చేసి మూడు, నాలుగు యూనిట్ల వేడిని ఇవ్వగలుగుతుంది. ఈ నిష్పత్తిని పనితీరు గుణకం అంటారు. గీజరులో ఈ గుణకం ఎంత మంచిదైనా ఒకటిని మించదు. డీజిల్ బాయిలర్‌లో లీటరుకు సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. పొగగొట్టం ద్వారా, బాయిలర్ గోడల ద్వారా పోయేది పోగా నీళ్లకు చేరేది దాదాపు 8 యూనిట్లు.

ఆలోచన కొత్తది కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1852లోనే దీన్ని సూత్రీకరించారు. ఆస్ట్రియాకు చెందిన ఇంజనీరు పీటర్ ఫాన్ రిటింగర్ 1850ల మధ్యలో ఉప్పు తయారీలో ఇటువంటి యంత్రాన్ని నిర్మించారు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగర సభాభవనానికి 1938లో అమర్చిన హీట్ పంపు పక్కనే ప్రవహించే లిమ్మాట్ నది నీటి నుంచి వేడిని తీసుకున్నది. బొగ్గు దిగుమతుల మీద ఆధారపడిన దేశం యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజుల్లో వెతుక్కున్న మార్గమది.

రోజు లెక్క

మోవాలో 100 మంది ఉండే వసతిగృహాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తలా రెండు బకెట్లు, అంటే 40 లీటర్ల గోరువెచ్చని నీళ్లు కావాలి. మొత్తం 4,000 లీటర్లు, 40 డిగ్రీల వద్ద. శీతాకాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉంటాయనుకుంటే, 60 డిగ్రీలకు కాచిన 2,000 లీటర్లలో అంతే చన్నీళ్లు కలిపితే సరిపోతుంది. 2,000 లీటర్లను 40 డిగ్రీలు పెంచడానికి 80,000 కిలో కేలరీలు, అనగా 93 యూనిట్ల వేడి అవసరం.

డీజిల్ బాయిలర్ దీనికి 11.6 లీటర్లు కాలుస్తుంది. లీటరు 95 రూపాయలు అనుకుంటే రోజుకు సుమారు 1,100 రూపాయలు. గీజర్లతో అయితే నష్టాలతో కలిపి 98 యూనిట్లు. వాణిజ్య కనెక్షన్‌కు యూనిట్ 8 రూపాయలుగా లెక్కిస్తే 784 రూపాయలు. పనితీరు గుణకం 3 ఉన్న హీట్ పంపుకు 31 యూనిట్లు చాలు. ఖర్చు 248 రూపాయలు. డీజిల్‌తో పోలిస్తే రోజుకు దాదాపు 850 రూపాయలు మిగులుతుంది.

ఈ ధరలు ఎవరి బిల్లులో వారికి వేరుగా ఉంటాయి. అందుకు చిన్న సూత్రం ఒకటి ఉపయోగపడుతుంది. డీజిల్ లీటరు ధరను 8తో భాగిస్తే ఒక యూనిట్ వేడి ధర వస్తుంది. కరెంటు యూనిట్ ధరను హీట్ పంపు పనితీరు గుణకంతో భాగిస్తే దాని వేడి ధర వస్తుంది. పై ఉదాహరణలో మొదటిది 12 రూపాయలకు కాస్త తక్కువ, రెండవది 2 రూపాయల 70 పైసలు. ఇంత అంతరం ఉన్నప్పుడు కరెంటు ధర కొంత పెరిగినా, యంత్రం చెప్పినదానికంటే కొంత తక్కువ పనిచేసినా ఫలితం మారదు.

అయితే మిగులు రోజుల సంఖ్య మీద ఆధారపడుతుంది. రాయపూర్‌లో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సాధారణం. అప్పుడు పై ట్యాంకు నీళ్లే ఒంటిమీద పోసుకోలేనంత వేడిగా వస్తాయి. వసతిగృహానికి వేన్నీళ్లు కావలసింది ఏడాదిలో నాలుగు నెలలే అనుకుంటే, 120 రోజులకు మిగులు లక్ష రూపాయలు. హీట్ పంపు, పొర కట్టిన ట్యాంకు, పైపులు, విద్యుత్ పనులు కలిపి 4 లక్షలు అవుతాయనుకుంటే, పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది.

అదే 2,000 లీటర్లు ఒక ఆసుపత్రికి ఏడాది పొడవునా అవసరం. రోగుల స్నానాలు, దుస్తుల ఉతుకు, వంటగది, పాత్రల శుభ్రత ఎండాకాలంలోనూ ఆగవు. వేసవిలో నీళ్లు ముందే 30 డిగ్రీలు ఉంటాయి గనుక వేడి తక్కువ కావాలి. గాలి వేడిగా ఉంటుంది గనుక యంత్రం గుణకం 4 దాకా పెరుగుతుంది. రోజు మిగులు 690 రూపాయల వరకు తగ్గినా, 365 రోజులకు లెక్కిస్తే రెండున్నర లక్షలు దాటుతుంది. అదే 4 లక్షల పెట్టుబడి ఏడాదిన్నర ప్రాంతంలో తిరిగి వస్తుంది. ఒకే వీధిలో, ఒకే యంత్రం, ఒకే ధర. ఒకరికి ఏడాదిన్నర, మరొకరికి నాలుగేళ్లు. అమ్మకందారులు చూపే పట్టికలలో సాధారణంగా 365 రోజుల లెక్కే ఉంటుంది కాబట్టి వసతిగృహాలు, ధర్మశాలలు ఈ విషయం గమనించుకోవలసి ఉంటుంది.

ఇంటికి వద్దు

ఈ లెక్క విని, ఇంట్లో గీజరు తీసేసి హీట్ పంపు పెట్టాలనుకునే మధ్యతరగతి కుటుంబానికి మాత్రం వేరే సమాధానం చెప్పవలసి ఉంటుంది. నలుగురున్న ఇంట్లో తలా రెండు బకెట్ల వేన్నీళ్లకు రోజుకు 4 యూనిట్లు చాలు. మూడు నెలలకు 360 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి 2,160 రూపాయలు. హీట్ పంపు దీనిలో మూడింట రెండు వంతులు ఆదా చేసినా 1,440 రూపాయలే. పదుల వేలల్లో ఉండే యంత్రానికి ఆ ఆదా ఎన్నటికీ సరిపోదు. పైగా ఛత్తీస్‌గఢ్‌లో గృహ వినియోగదారులకు 2019 నుంచి సగం బిల్లు పథకం ఉంది. మొదట 400 యూనిట్ల దాకా వర్తించిన ఆ రాయితీ పరిమితిని 2025లో తగ్గించారు. రాయితీ పరిధిలో ఉన్న ఇంటికి గీజరు ఖర్చు మరింత తక్కువ.

ఒకప్పుడు తెలుగు ఇళ్ల పెరళ్లలో రాగి కాగుల కింద కొబ్బరి మట్టలు, పిడకలు మండేవి. ఆ ఇంధనానికి వెల లేదు. తర్వాత హీటర్ రాడ్, దాని తర్వాత గీజరు వచ్చాయి. ఇంటి అవసరం చిన్నది, సంవత్సరంలో కొద్ది నెలలది కావడం వల్ల ఇంటి వరకు సాధారణ గీజరు, లేదా ఎండ బాగా పడే డాబా ఉంటే సౌర వేడి నీటి పరికరం చాలు. అపార్ట్‌మెంట్ అంతటికీ కలిపి ఒకే వేన్నీళ్ల వ్యవస్థ ఉన్నప్పుడే హీట్ పంపు మాట ఆలోచించదగినది.

బొగ్గు నేల మీద కరెంటు

డీజిల్ పొగ పోతుంది గనుక వాతావరణానికి మేలు అని చెప్పడం సులభం. ఛత్తీస్‌గఢ్‌లో ఆ మాట కొంచెం నిలబెట్టి చూడాలి. దేశంలోని అతిపెద్ద బొగ్గు గనుల్లో ఒకటైన గెవ్రా ఈ రాష్ట్రంలోని కోర్బా జిల్లాలో ఉంది. కోర్బాలో 2,600 మెగావాట్లు, బిలాస్‌పూర్ జిల్లా సీపత్‌లో 2,980 మెగావాట్ల జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రాలు బొగ్గుతోనే నడుస్తాయి. దేశ విద్యుత్ గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు ఇటీవలి సంవత్సరాల్లో సగటున సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నది. లీటరు డీజిల్ కాలితే వెలువడేది 2.68 కిలోలు.

పై వసతిగృహానికి ఈ అంకెలు వర్తింపజేస్తే డీజిల్ బాయిలర్ రోజుకు 31 కిలోలు, హీట్ పంపు 22 కిలోలు, గీజర్లు 70 కిలోలు విడుదల చేస్తాయి. అంటే డీజిల్ తీసి గీజర్లు పెడితే డబ్బు కొంత మిగలవచ్చు గాని, కాలుష్యం మోవా నుంచి కోర్బాకు మారి రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. హీట్ పంపుతో నిజంగా తగ్గుతుంది, అయితే మూడో వంతు కంటే కొంత తక్కువగానే. యంత్రం గుణకం 2.2 కంటే పడిపోతే ఆ మేలు కూడా పోతుంది. డబ్బు విషయంలో అప్పటికీ హీట్ పంపే చవక. వాతావరణం విషయంలో మాత్రం కాదు. ఈ రెండు లెక్కలూ వేర్వేరని గుర్తించకుండా చేసే ప్రచారం పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది.

డాబాపై సౌర ఫలకాలు ఉన్నప్పుడు పరిస్థితి మారుతుంది. హీట్ పంపును మధ్యాహ్నం 11 నుంచి 4 గంటల మధ్య నడిపి నీళ్లు కాచి నిల్వ చేసుకోవచ్చు. ఆ వేళ గాలి కూడా వేడిగా ఉంటుంది కాబట్టి గుణకం మెరుగ్గా వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి యంత్రం వేయడం అలవాటుగా అందరూ చేసే పని. చలి ఎక్కువగా ఉండే ఆ వేళే దానికి అన్నిటికంటే కష్టమైన సమయం. మంచి పొర కట్టిన ట్యాంకులో రాత్రంతా నీళ్లు కొద్ది డిగ్రీలే చల్లబడతాయి. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సూర్యకాంతి ఉండే ఘడియల్లో ధర సాధారణ ధర కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలని నిర్దేశించాయి. తమ కనెక్షన్‌కు ఆ తగ్గింపు వర్తిస్తుందో లేదో బిల్లులో చూసుకోవాలి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇళ్లకు గరిష్ఠంగా 78,000 రూపాయల రాయితీ, గృహ సముదాయ సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ప్రకటించారు. వాణిజ్య సంస్థలకు ఆ రాయితీ లేదు.

ఆసుపత్రి జాగ్రత్తలు

ఆసుపత్రుల్లో ఈ మార్పు చేసేటప్పుడు పొదుపు కంటే ముందు చూడవలసింది నీటి ఉష్ణోగ్రత. లెజియొనెల్లా అనే బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న నీటిలో వృద్ధి చెందుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో న్యుమోనియా ప్రబలినప్పుడు ఈ జీవిని తొలిసారి గుర్తించారు. షవరు తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రోగనిరోధక శక్తి తగ్గిన రోగులకు ప్రాణాపాయం. నీటిని 60 డిగ్రీలు, ఆపైన నిల్వ చేస్తే అది బతకదు.

హీట్ పంపు గుణకం నీటి ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ పెరుగుతుంది. ఈ కారణంగా బిల్లు తగ్గించడానికి ట్యాంకును 45 డిగ్రీల వద్ద ఉంచే ప్రలోభం ఉంటుంది. వసతిగృహంలోనే అది మంచిది కాదు. ఆసుపత్రిలో చేయకూడని పని. కొనే ముందే యంత్రం 60 డిగ్రీల నీళ్లను నిలకడగా ఇవ్వగలదా, అందుకు విద్యుత్ కాయిల్ సాయం తీసుకుంటుందా అని అడగాలి. కాయిల్ పనిచేసినంతసేపు అది గీజరే. అలాగే 60 డిగ్రీల నీళ్లు నేరుగా ఒంటిమీద పడితే చర్మం కాలుతుంది గనుక, కుళాయి దగ్గర చన్నీళ్లు కలిపే వాల్వు తప్పనిసరి.

శస్త్రచికిత్స పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లకు 121 లేదా 134 డిగ్రీల ఆవిరి కావాలి. సాధారణ హీట్ పంపులు 60, 65 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను శీతలకారకంగా వాడే రకాలు 90 డిగ్రీల దాకా వెళ్లగలవు, వాటి ధర ఎక్కువ, ఆవిరి వాటి వల్ల కూడా కాదు. అందువల్ల ఆవిరి అవసరమున్న చోట బాయిలర్‌ను పూర్తిగా తీసివేయడం కుదరదు. స్నానాల నీళ్లు హీట్ పంపుకు అప్పగించి, ఆవిరికి చిన్న విద్యుత్ పరికరం గాని, పాత బాయిలర్‌ను గాని ఉంచుకోవలసి ఉంటుంది.

ఇలా పాతదాన్ని తోడుగా ఉంచుకునే పద్ధతికి తిరుమలలో మంచి ఉదాహరణ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం అన్నప్రసాద వంటశాలకు 2002లో సౌర ఆవిరి వ్యవస్థను ఏర్పాటు చేసినప్పుడు, 106 అద్దాల డిష్‌లతో రోజుకు 4,000 కిలోలకు పైగా ఆవిరి ఉత్పత్తి చేసి 15,000 మందికి వండేలా రూపకల్పన చేశారు. అయినా డీజిల్ బాయిలర్‌ను తొలగించలేదు. ఎండ లేని వేళ, రాత్రివేళ వంట ఆగకుండా కొత్త వ్యవస్థను దానికే అనుసంధానించారు. ఇంధనం మార్చడం అంటే పాత యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మివేయడమే కానక్కర లేదు.

నీళ్ల గట్టిదనం, స్థలం, కరెంటు కోత

బలౌదాబజార్ రోడ్డు మీద ముందుకు వెళితే సిమెంటు కర్మాగారాలు కనిపిస్తాయి. ఈ మైదానం కింద ఉన్నది సున్నపురాయి. అలాంటి నేల నుంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం లవణాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. నీళ్లు వేడెక్కినప్పుడు ఆ లవణాలు తెల్లని పొరగా పేరుకుంటాయి. బకెట్ రాడ్ మీద పేరుకునే తెల్లటి పెచ్చు అదే. రాడ్‌ను గీకి శుభ్రం చేయవచ్చు. హీట్ పంపు లోపలి సన్నని గొట్టాలలో పేరుకుంటే వేడి నీళ్లకు చేరడం తగ్గి, కంప్రెసర్ ఎక్కువ శ్రమపడి, గుణకం నెమ్మదిగా పడిపోతుంది. మోవాలో బోరు నీళ్లు వాడే సంస్థ ముందుగా నీటి గట్టిదనం పరీక్ష చేయించి, అవసరమైతే సాఫ్టెనర్ ఖర్చును కూడా పెట్టుబడిలో కలపాలి. ఆ ఖర్చు డీజిల్ బాయిలర్‌కూ అవసరమే గాని, అక్కడ నిర్లక్ష్యం చేసినా కొంతకాలం నెట్టుకురావచ్చు.

యంత్రం వదిలే గాలి చల్లగా ఉంటుంది. గదిలో మూసిపెడితే తాను చల్లబరచిన గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. పాత బాయిలర్ గదిలోనే దించేద్దామనుకోవడం ఈ మార్పులో తరచుగా జరిగే పొరపాటు. డాబా మీదనో, గాలి ధారాళంగా ఆడే చోటనో పెట్టాలి. ఆ చల్లగాలిని గొట్టం ద్వారా వంటగదికో, దుస్తుల గదికో మళ్లిస్తే వేసవిలో అదనపు లాభం. వర్షాకాలపు తేమగాలి కూడా దీనికి అనుకూలమే. తేమ నీటిబొట్లుగా మారేటప్పుడు విడిచే వేడి కూడా కలిసివస్తుంది. ఆ నీరు కారిపోవడానికి దారి ఉంచాలి.

రాయపూర్‌లో చలి యంత్రానికి ఇబ్బంది కలిగించేంత ఉండదు. గాలి 5 డిగ్రీల దాకా పడిపోయినప్పుడు బయటి కాయిల్ మీద మంచు గడ్డకట్టి, దాన్ని కరిగించుకోవడానికి యంత్రం మధ్యమధ్య ఆగుతుంది. ఆ సమస్య రాష్ట్ర ఉత్తరాన అంబికాపూర్, మైన్‌పాట్ వంటి చోట్ల, ఆంధ్రప్రదేశ్‌లో లంబసింగి, అరకు వైపు లాడ్జీలకు ఎదురుకావచ్చు.

కరెంటు పోతే ఎలా అన్నది మరో సందేహం. డీజిల్ బాయిలర్‌కు కూడా బర్నరు, పంపు తిరగడానికి కరెంటు కావాలి. జనరేటర్ ఉన్న చోట ఒక విచిత్రమైన విషయం గమనించదగినది. జనరేటర్‌లో లీటరు డీజిల్‌కు మూడు యూనిట్లకు పైగా విద్యుత్తు వస్తుంది. దానితో గుణకం 3 ఉన్న హీట్ పంపు నడిపితే సుమారు 10 యూనిట్ల వేడి వస్తుంది. అదే లీటరును బాయిలర్‌లో కాల్చితే 8. అయితే జనరేటర్ సామర్థ్యం కంప్రెసర్ మొదలయ్యేటప్పటి భారాన్ని తట్టుకోగలదో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

బాయిలర్‌కు ఉన్న ఒక నిజమైన బలం వేగం. పెళ్లివారు దిగిన లాడ్జిలో ఒకేసారి నీళ్లు అయిపోతే బాయిలర్ త్వరగా మళ్లీ కాచి ఇస్తుంది. హీట్ పంపు గంటల తరబడి నిదానంగా కాస్తుంది. అందుకే దానికి పెద్ద ట్యాంకు కావాలి. నిండు ట్యాంకు బరువు 2,000 లీటర్లకు రెండు టన్నులు దాటుతుంది. పాత భవనం డాబా ఆ బరువు మోయగలదా అన్నది అమ్మకందారు చెప్పే విషయం కాదు, నిర్మాణ ఇంజనీరు చెప్పవలసింది.

శీతలకారకం విషయంలోనూ ఒక ప్రశ్న అడగాలి. ఆర్-134ఎ, ఆర్-410ఎ వంటివి గాలిలోకి లీకైతే భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు మించి పెంచుతాయి. కిగాలీ ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది. ఆ ప్రకారం 2032 నుంచి వీటి వాడకం దశలవారీగా తగ్గుతుంది. పదిహేనేళ్లు నడవాలనుకునే యంత్రానికి రేపు గ్యాస్ నింపడం ఎంత ఖర్చవుతుందన్నది నేడే చూసుకోవలసిన విషయం.

బోస్టన్‌లో లెక్క వేరు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న అక్షరాలా ఇంటి తాపనం గురించే. మసాచుసెట్స్, కనెక్టికట్, మెయిన్ రాష్ట్రాల్లో నేలమాళిగలో చమురు ట్యాంకు ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. అక్కడ గ్యాలన్ చమురులో సుమారు 40 యూనిట్ల వేడి ఉంటుంది. ఇంటికి చేరేది 34. సీజన్ మొత్తానికి సగటు గుణకం 2.7 ఉన్న హీట్ పంపు అంత వేడికి దాదాపు 13 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. మసాచుసెట్స్‌లో యూనిట్ సుమారు 30 సెంట్లు కాబట్టి ఖర్చు 4 డాలర్లకు కాస్త తక్కువ. గ్యాలన్ చమురు ధర కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటుంది. రాయపూర్‌లో నాలుగు రెట్లకు పైగా ఉన్న తేడా అక్కడ దాదాపు సమానం. హీట్ పంపులపై 2,000 డాలర్ల వరకు ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది. అయినా మెయిన్ రాష్ట్రం లక్ష హీట్ పంపుల లక్ష్యాన్ని గడువు కంటే రెండేళ్లు ముందుగా 2023లోనే చేరుకుంది. నార్వే 2020 జనవరి నుంచి భవనాల తాపనానికి ఖనిజ చమురు వాడకాన్నే నిషేధించింది. జలవిద్యుత్తు సమృద్ధిగా ఉన్న దేశం గనుక బొగ్గు కరెంటు సమస్య దానికి లేదు.

బంధువులు బోస్టన్ నుంచి చెప్పిన అనుభవాన్ని రాయపూర్‌కు, రాయపూర్ అనుభవాన్ని బోస్టన్‌కు అన్వయించడం అందువల్ల సరికాదు. ఛత్తీస్‌గఢ్ లోపలే కూడా అందరికీ ఇది వర్తించదు. ఉప్పుడు బియ్యం మిల్లులు వడ్లు ఉడకబెట్టే ఆవిరికి తమ ఊకనే కాలుస్తాయి. మిల్లులోనే దొరికే ఊక ముందు ఏ హీట్ పంపూ నిలవదు.

ముందు కొలత

నిర్ణయానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. చాలా సంస్థలకు తాము ఎంత డీజిల్ కొంటున్నామో తెలుసు, ఎన్ని వేన్నీళ్లు వాడుతున్నామో తెలియదు. వేన్నీళ్ల పైపు మీద నీటి మీటరు బిగించి జనవరిలో ఒక వారం, ఏప్రిల్‌లో ఒక వారం రోజువారీ అంకెలు రాసుకుంటే అవసరం తేలుతుంది. మంది సంఖ్యను బట్టి అంచనా వేసి కొన్న యంత్రం పెద్దదైతే పెట్టుబడి వృథా. చిన్నదైతే కాయిల్ రోజంతా వెలుగుతూ గీజరు బిల్లే వస్తుంది.

ఆ అంకెలు చేతిలో ఉంచుకుని అమ్మకందారుల నుంచి ధరలు తీసుకునేటప్పుడు, పనితీరు గుణకాన్ని 15 డిగ్రీల గాలి, 60 డిగ్రీల నీళ్ల వద్ద రాతపూర్వకంగా అడగాలి. ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకెలు తరచుగా వెచ్చని గాలి, తక్కువ వేడి నీళ్ల పరిస్థితుల్లో కొలిచినవి. కంప్రెసర్ చెడిపోతే విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది, సాంకేతిక నిపుణుడు రాయపూర్‌లోనే ఉంటాడా అన్నవి కూడా ఒప్పందంలో చేర్చదగినవి. హీట్ పంపుకు విడిగా సబ్‌మీటరు పెట్టించుకుంటే, మొదటి శీతాకాలం ముగిసేసరికి ఎన్ని యూనిట్లకు ఎన్ని లీటర్లు కాగాయో అమ్మకందారు ఇచ్చిన కాగితంతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.